ముగ్గులో ఎన్ని కదలికలు: సౌష్ఠవం ప్రాజెక్టు డైరీ

ధనుర్మాసం తొలి వారం

మా ఉన్నత పాఠశాల పెన్నకు ఉత్తరాన, కోవూరు వైపు ఉన్న ఒక పల్లెలో ఉంది. ఫిబ్రవరి 28న జరిగే జాతీయ సైన్స్ దినోత్సవం నాటికి తొమ్మిదో తరగతి పిల్లలతో కలిసి వరండా గోడ పొడవునా ఒక ప్రదర్శన పెట్టాలని నిర్ణయించుకున్నాము. ఊళ్లో వేసే ముగ్గులనూ, మగ్గం మీద నేసే చీరల అంచులనూ సేకరించి, వాటిని సౌష్ఠవం ప్రకారం వర్గాలుగా విడదీసి, ఒక్కో వర్గం పక్కన దాని లెక్కను చూపించాలన్నది ఉద్దేశం. పనిలో ఏం తేలిందో ఎప్పటికప్పుడు ఇక్కడ రాసి ఉంచుతున్నాను.

పాఠ్యపుస్తకం సౌష్ఠవాక్షంతో మొదలుపెడుతుంది. మేము ఇంకొంచెం వెడల్పైన నిర్వచనంతో మొదలుపెట్టాము: ఒక బొమ్మను కదిపిన తరువాత అది ముందున్న చోటనే, ముందున్నట్టే కనిపిస్తే, ఆ కదలికను ఆ బొమ్మకు ఒక సౌష్ఠవం అంటాము. అసలు కదపకుండా ఉంచడం కూడా లెక్కలోకి వస్తుంది. కాబట్టి ఇక్కడ అడగవలసిన ప్రశ్న ముగ్గు అందంగా ఉందా లేదా అని కాదు, దానికి ఎన్ని కదలికలు ఉన్నాయి అని. ఆ సంఖ్య ఒకటి నుంచి మొదలవుతుంది.

కొలిచే సాధనం చాలా చవకైనది. స్పైరల్ బైండింగ్ చేసేటప్పుడు పుస్తకం పైన వేసే పారదర్శక ప్లాస్టిక్ షీటును జిరాక్సు షాపులో కొని, నోటు పుస్తకంలో వేసిన ముగ్గు మీద పరిచి, మార్కరుతో గీతను ఉన్నదున్నట్టు ఎక్కించి, నట్టనడుమ గుండుసూది గుచ్చుతాము. షీటును మెల్లగా తిప్పుతూ పోతే గీత మీద గీత పడిన ప్రతిసారీ ఒక భ్రమణం దొరికినట్టే. తరువాత షీటును వెల్లకిలా తిరగేసి మళ్లీ తిప్పితే పరావర్తనాలు బయటపడతాయి. ఫోన్లో తీసిన ఫోటోలను దీనికి వాడడం లేదు, ఎందుకంటే నిలబడి తీసిన ఫోటోలో దూరపు చుక్కలు దగ్గరగా జరిగి కనిపిస్తాయి. ఏ ఇంటి ముగ్గును ఆ ఇంటి పిల్లే చుక్కలు లెక్కపెట్టి పుస్తకంలోకి ఎక్కించుకొని వస్తోంది.

ఒక కేంద్రం చుట్టూ అల్లుకున్న బొమ్మ ఏదైనా, దాని కదలికలు పరిమితంగా ఉన్నంతవరకు, రెండే కుటుంబాల్లో ఒకదానికి చెంది తీరుతుంది: కేవలం భ్రమణాలు ఉన్నవి ఒక కుటుంబం, భ్రమణాలతో పాటు అన్నే పరావర్తనాలు ఉన్నవి రెండో కుటుంబం. ఈ జాబితాను మొదట గుర్తించిన ఘనతను గణిత శాస్త్రజ్ఞుడు హెర్మన్ వైల్ లియొనార్డో డావిన్చికి ఇచ్చాడు. మా సేకరణలో అత్యధికం రెండో కుటుంబానివే. మొదటి కుటుంబానికి స్వచ్ఛమైన ఉదాహరణగా హృదయ కమలం దొరికింది. దాని సంగతి వివరంగా రాయాలి.

హృదయ కమలానికి మధ్య నుంచి ఎనిమిది దిక్కులకు ఎనిమిది చేతులు, ఒక్కో చేతికి అయిదు చుక్కలు, మొత్తం 40 చుక్కలు పెడతారు. మా పిల్లలు కలిపే పద్ధతి ఇది: మొదటి చేతిలో ఒకటో చుక్క, పక్క చేతిలో మూడోది, ఆ పక్క దానిలో అయిదోది, తరువాత రెండోది, తరువాత నాలుగోది, మళ్లీ ఒకటోది. ఒక్కో చేయి దాటినప్పుడల్లా చుక్క సంఖ్యకు రెండు కలిపి, అయిదు దాటితే మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టడమే ఇందులోని నియమం. చేతులు ఎనిమిది, చుక్కల వరుస అయిదు, ఈ రెండింటికీ ఒకటి తప్ప ఉమ్మడి కారణాంకం లేదు కనుక, పిండి పట్టిన చెయ్యి ఎత్తకుండా కేంద్రం చుట్టూ అయిదు సార్లు తిరిగి 40 చుక్కలనూ తాకి గీత మొదలుపెట్టిన చోటికి చేరుతుంది. నియమం ఏ చేతి దగ్గరైనా ఒకటే కాబట్టి షీటును 45 డిగ్రీలు తిప్పిన ప్రతిసారీ గీతలు కలుస్తాయి. షీటును తిరగేస్తే మాత్రం ఒక్క స్థితిలోనూ కలవవు, ఎందుకంటే అద్దంలో రెండు కలపడం కాస్తా రెండు తీసివేయడం అవుతుంది, అయిదు చుక్కల వరుసలో ఆ రెండూ వేరు వేరు. ఎనిమిది భ్రమణాలు, పరావర్తనం ఒక్కటీ లేదు. ఈ కారణాన్ని బోర్డు మీద పూర్తిగా చెప్పింది ఒక విద్యార్థిని. నేను అడిగింది షీటు కలిసిందా లేదా అని మాత్రమే.

భోగికి ముందు

రెండో అంచె చుక్కల అమరిక. చుక్క కింద చుక్క నిలువుగా పెట్టుకుంటూ పోతే సరిచుక్క, రెండు చుక్కల సందున కింది వరుస చుక్క పెడితే సందుచుక్క. సందుచుక్క ముగ్గుకు 11 నుంచి 6 వరకు అని చెబితే ఇక్కడ ఏ ఇంట్లోనైనా అర్థమవుతుంది: నడిమి వరుసలో 11, దానికి పైనా కిందా 10, 9, 8, 7, 6. మొత్తం 91 చుక్కలు. ఇది ఆరు భుజాలూ సమానంగా ఉన్న షడ్భుజి, ఒక్కో భుజానికి ఆరు చుక్కలు. సందుచుక్కలో 60 డిగ్రీల భ్రమణం ఇమిడి ఉంటుంది, సరిచుక్కలో 90 డిగ్రీలది. ముగ్గు ఈ చుక్కలను పట్టుకొని సాగినంతకాలం కదలికల ఎంపికలో సగం పని చుక్కలు పెట్టడంతోనే అయిపోతుంది.

సరిచుక్క మీద వేసిన ఎనిమిది రేకుల పద్మం ఇందుకు మంచి సాక్ష్యం. దూరం నుంచి ఎనిమిది రేకులూ ఒకటే అనిపిస్తాయి. షీటును 90 డిగ్రీలు తిప్పితే కలుస్తాయి, 45 తిప్పితే కలవవు. అడ్డంగా, నిలువుగా ఉన్న రేకు కొన రెండు చుక్కల దూరంలో ఉంటే, మూలగా ఉన్న రేకు కొన చుక్కను చేరాలంటే ఒక చదరపు కర్ణం, అంటే 1.41 దూరంలోనో, రెండు కర్ణాలు, అంటే 2.83 దూరంలోనో ఆగాలి. రెండుకు సమానం కాలేదు. అది పేరుకు అష్టదళమైనా దాని కదలికలు చతురస్రానివే.

ఇక్కడి నుంచి అసలైన ప్రశ్న వచ్చింది: అయిదు రేకులను, అంటే 72 డిగ్రీల భ్రమణాన్ని, ఎంత దూరమైనా సాగగల చుక్కల అమరిక ఏదైనా మోయగలదా? గ్రాఫు కాగితం, కోణమానిని ఇచ్చి పిల్లల చేత ఇలా చేయించాను. ఒకదానికొకటి అత్యంత దగ్గరగా ఉన్న రెండు చుక్కలను తీసుకొని వాటి మధ్య దూరం 10 సెంటీమీటర్లు అనుకోవాలి. ఎడమ చుక్క చుట్టూ కుడి చుక్కను 72 డిగ్రీలు పైకి తిప్పాలి, కుడి చుక్క చుట్టూ ఎడమ చుక్కను అంతే కోణంలో పైకి తిప్పాలి. అమరికకు ఆ భ్రమణం నిజంగా ఉంటే ఈ రెండు కొత్త చోట్లలోనూ చుక్కలు ఉండి తీరాలి. స్కేలు పెట్టి కొలిస్తే వాటి మధ్య దూరం సుమారు 3.8 సెంటీమీటర్లు వచ్చింది. అత్యంత దగ్గరి చుక్కలకే 10 సెంటీమీటర్ల ఎడం అనుకున్నాము గదా, మరి 3.8 ఎలా సాధ్యం? అందువల్ల ఆ అమరిక లేదు. ఇదే పని 60 డిగ్రీలతో చేస్తే రెండు కొత్త చుక్కలు ఒకే చోట పడతాయి, 90తో చేస్తే 10 సెంటీమీటర్లు, 120తో చేస్తే 20 వస్తాయి, వేటికీ అభ్యంతరం లేదు. 60 కంటే తక్కువ కోణమైతే తిప్పిన చుక్క పాత చోటికే 10 కంటే దగ్గరలో పడుతుంది కనుక ఏడూ, ఎనిమిదీ, ఆపైవన్నీ ఒక్క దెబ్బకు పోతాయి. మిగిలేవి 2, 3, 4, 6 మాత్రమే.

స్ఫటికాలకు కూడా ఇదే నిబంధన. 1830లో హెస్సెల్ స్ఫటికాల ఆకృతులకు 32 తరగతులకు మించి ఉండవని తేల్చాడు. మా ల్యాబులో ఉన్న స్ఫటికం నెల్లూరు అభ్రకం. సైదాపురం వైపు గనుల వల్ల ఈ ప్రాంతపు పేరు ప్రపంచానికి తెలిసింది. తెల్ల అభ్రకం స్ఫటికం తరచుగా ఆరు పలకల ఆకారంలో కనిపిస్తుంది, కానీ దాని లోపలి అమరికకు 60 డిగ్రీల భ్రమణం లేదు, ఖనిజ శాస్త్రజ్ఞులు దాన్ని తక్కువ సౌష్ఠవం ఉన్న ఏకనత (మోనోక్లినిక్) వర్గంలో ఉంచుతారు. అంటే సరిచుక్క మీది పద్మానికి ఉన్న స్థితే దీనిది కూడా. 1912 డిసెంబరులో యువకుడైన లారెన్స్ బ్రాగ్ ఎక్స్-కిరణాలు స్ఫటికపు పొరల మీద అద్దం మీద పడినట్టు పరావర్తనం చెందుతాయని చూపడానికి వాడినది అభ్రకమే. ఆ సంగతి రాసిన అట్టను గోడ మీద అభ్రకం రేకు పక్కనే అంటించాము.

ఈ నిబంధన చుక్కల అమరిక క్రమంగా పునరావృతమైనప్పుడే వర్తిస్తుందన్న మాటను పిల్లల చేత రెండు సార్లు రాయించాను. 1982లో డాన్ షెఖ్ట్‌మన్ అల్యూమినియం, మాంగనీసు మిశ్రలోహంలో ఉండకూడని ఈ అయిదింటి సౌష్ఠవాన్నే చూశాడు. అక్కడ పరమాణువులకు క్రమం ఉంది కానీ పునరావృతి లేదు. ఆ పనికి 2011లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. సిద్ధాంతం చెక్కుచెదరలేదు, దాని షరతు ఎంత ముఖ్యమో అందరికీ తెలిసివచ్చింది.

సంక్రాంతి సెలవుల తరువాత: మగ్గం దగ్గర

అంచులకు లెక్క వేరు. ఒకే దిశలో సాగుతూ పునరావృతమయ్యే నమూనాలు ఏడు రకాలే ఉంటాయి: కేవలం పునరావృతి, జరిపి తిరగేయడం, అడ్డంగా నిలిపిన అద్దం, సగం తిప్పు (180 డిగ్రీలు), ఈ చివరి మూడూ కలిసినది, పొడవునా పెట్టిన అద్దం, అన్నీ ఉన్నది. జాన్ కాన్వే వీటికి అడుగుల పేర్లు పెట్టాడు, ఆ ఆలోచననే మేము వరండాలో వాడుకున్నాము. కాళ్లు తడుపుకొని మామూలుగా నడిస్తే రెండో రకం పడుతుంది, ఎందుకంటే కుడి పాదం ముద్రను ముందుకు జరిపి తిరగేస్తే ఎడమ పాదం ముద్ర అవుతుంది. ఒంటికాలి మీద గెంతితే మొదటిది, రెండు కాళ్లూ జతగా ఎగిరితే ఆరోది.

పాటూరు నేతగాళ్ల ఇళ్లకు పిల్లలతో వెళ్లి అంచులు చూసినప్పుడు, అద్దం ఉన్న రకాలు విస్తారంగా, జరిపి తిరగేయడం మాత్రమే ఉన్న రకం అరుదుగా కనిపించాయి. కారణం మగ్గం పైనున్న జకార్డు పెట్టెలో దొరికింది. 1804 నాటికి ఫ్రాన్సులో జోసెఫ్ మరీ జకార్డు తీర్చిదిద్దిన యంత్రం ఇది. చిల్లులు కొట్టిన అట్టలను దండలాగా కుట్టి పైన వేలాడదీస్తారు. పేక పోగు ఒకసారి దాటినప్పుడల్లా ఒక అట్ట ముందుకు వస్తుంది, చిల్లు ఉన్న చోట కొక్కెం లేచి తన కింది పడుగు పోగును పైకి ఎత్తుతుంది. అట్టల దండను చివరిదాకా నడిపి అదే దండను వెనక్కి నడిపిస్తే, నేసిన సగానికి అద్దపు ప్రతిబింబం తనంతట తానే వస్తుంది. అంటే సగం అట్టలు చాలు. ఒకే కొక్కేనికి అంచు నడిమి గీతకు అటూ ఇటూ సమదూరంలో ఉన్న రెండు పోగులను కడితే, వెడల్పు దిశలో అద్దం వస్తుంది. అప్పుడు సగం కొక్కేలు చాలు. ఆకులు ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు వేస్తూ ఒకే దిక్కుకు పాకే తీగకు ఈ రెండు ఉపాయాల్లో ఏదీ పనిచేయదు.

“తీగ అంచుకు అట్టలన్నీ విడిగా కొట్టాల్సిందే టీచరమ్మా, సగంతో జరిగేది కాదు” అని ఆ ఇంటి పెద్దాయన చెప్పారు. ఆయన మాటను, ఏడు రకాల పట్టికనూ పక్కపక్కన పెట్టి చూస్తే, సౌష్ఠవం అంటే పొదుపు అని పిల్లలకు వేరే చెప్పవలసిన అవసరం లేకపోయింది. ఏడింటిలో ఏది ఎక్కువగా కనిపిస్తుందన్నది గణితం చెప్పదు. అది అట్టల ఖర్చు, కొక్కేల సంఖ్య, కొనేవారి ఇష్టం మీద ఆధారపడి ఉంటుంది. ఎనిమిదో రకం ఏ మగ్గం మీదా రాదని మాత్రం గణితం ముందే చెప్పగలదు, ఈ ప్రాజెక్టులో నాకు అత్యంత విలువైనదిగా తోచేది ఆ శక్తే.

జనవరి చివర: పలక ముక్క, సమీకరణాలు

కదలికలను లెక్కపెట్టడం నుంచి వాటిని ఒకదాని తరువాత ఒకటి చేయడానికి వచ్చాము. మార్కాపురం పలక రాయిని చతురస్రంగా కోయించి, నాలుగు మూలలకూ రెండు వైపులా అ, ఆ, ఇ, ఈ అని పెయింటుతో రాయించాము. చతురస్రానికి ఎనిమిది కదలికలు. ఏ రెండు వరుసగా చేసినా ఫలితం ఆ ఎనిమిదిలోనే ఒకటి, ఇలాంటి కదలికల గుంపును గణితంలో సమూహం అంటారు. ముందు 90 డిగ్రీలు తిప్పి తరువాత తిరగేస్తే ఒక మూల పైకి వస్తుంది, ముందు తిరగేసి తరువాత తిప్పితే వేరొకటి వస్తుంది. గుణకారంలో క్రమం మారితే లబ్ధం మారడం వారికి ఇదే మొదటి అనుభవం. 64 గళ్ల పట్టికను నింపాక ప్రతి వరుసలోనూ, ప్రతి నిలువులోనూ ఎనిమిది కదలికలూ ఒక్కొక్కసారే వచ్చాయని వారే గమనించారు. ఇలాంటి పట్టికను, దేనికి సంబంధించిన కదలికలన్న ప్రసక్తి లేకుండా, 1854లో ఆర్థర్ కేలీ రాశాడు.

చరిత్ర మాత్రం బొమ్మలతో మొదలుకాలేదు, సమీకరణాలతో మొదలైంది. పదో తరగతిలో వర్గ సమీకరణపు మూలాల మొత్తం, లబ్ధం చెబుతాము. మూలాలను అటూ ఇటూ మార్చినా ఆ రెండూ మారవు, గుణకాల్లో కనిపించేది ఆ మారనిదే. 1770, 71 సంవత్సరాల్లో లగ్రాంజ్ ఘన, చతుర్ఘాత సమీకరణాల సాధనలన్నీ మూలాల స్థానాలు మార్చినప్పుడు కొన్ని రాశులు ఎన్ని విలువలు తీసుకుంటాయన్న దాని మీద నడుస్తున్నాయని పసిగట్టాడు. మూడు మూలాలకు ఆరు మార్పిళ్లు, అవి సమబాహు త్రిభుజపు ఆరు కదలికలతో సరిగ్గా సరిపోతాయి. నాలుగింటికి 24, అయిదింటికి 120. అయిదో ఘాతపు సమీకరణాన్ని కూడికలు, తీసివేతలు, గుణకార భాగహారాలు, వర్గమూలం, ఘనమూలం లాంటివి తీయడంతో సాధించే సాధారణ సూత్రం లేదని 1824లో నార్వే దేశస్థుడు ఆబెల్ నిరూపించాడు, కాగితం ఖర్చు తగ్గించడానికి ఆ నిరూపణను ఆరు పేజీల్లోకి కుదించి అచ్చు వేయించుకున్నాడు. అతడు 26 ఏళ్లకే క్షయతో మరణించాడు. ఏ సమీకరణానికి సాధన ఉంటుంది, దేనికి ఉండదన్న ప్రశ్నకు మార్పిళ్ల సమూహం నిర్మాణమే జవాబు చెబుతుందని గాల్వా గ్రహించాడు. 1832 మే 29 రాత్రి తన మిత్రుడు షెవాలియేకు ఆ ఫలితాలను ఉత్తరంగా రాసి, మరునాడు ద్వంద్వయుద్ధంలో గాయపడి, 31న కన్నుమూశాడు. అప్పటికి అతనికి 20 ఏళ్లు. ఆ రచనలను లియూవిల్ 1846లో ప్రచురించాడు.

ఒక అబ్బాయి అడిగిన ప్రశ్నను గోడ మీద కూడా పెడుతున్నాము: “చుక్కల్లో అయిదు కుదరలేదు, సమీకరణాల్లోనూ అయిదు కుదరలేదు. రెండూ ఒకటేనా టీచర్?” కాదు. చుక్కల్లో అడ్డుపడింది దూరం, ఏడు కూడా అక్కడ అలాగే ఆగిపోయింది. సమీకరణాల్లో అడ్డుపడేది 60 మార్పిళ్ల సమూహం ఒకటి. 120లో సరి మార్పిళ్లు, అంటే రెండేసి మూలాలను సరిసంఖ్య సార్లు తారుమారు చేస్తే వచ్చేవి, 60, ఆ సమూహాన్ని అంతకంటే చిన్న మెట్లుగా విడగొట్టడానికి వీలులేదు, వీలున్నప్పుడే వర్గమూలం, ఘనమూలం లాంటివి తీస్తూ ఒక్కొక్క మెట్టూ దిగగలము. అయితే ఆ 60 మార్పిళ్లే ఇరవై ముఖాల ఘనపు 60 భ్రమణాలు కూడా, ఆ ఘనంలో ప్రతి శీర్షం దగ్గరా అయిదు త్రిభుజాలు కలుస్తాయి. ఈ సంబంధాన్ని ఫెలిక్స్ క్లైన్ 1884లో ఒక గ్రంథంగానే విస్తరించాడు. అందువల్ల ఆ అబ్బాయి ప్రశ్న వట్టి పోలిక మీద పుట్టినదైనా చేరవలసిన చోటికే చేరింది.

ఫిబ్రవరి

రంగుల అట్ట పూర్తయింది. ఆరు రేకుల పువ్వుకు రేకు రేకుకు ఎరుపో తెలుపో వేస్తే మొత్తం 64 విధాలు. తిప్పితే ఒకటయ్యేవాటిని ఒకటిగానే లెక్కిస్తే 14 మిగులుతాయి. ప్రతి భ్రమణానికీ మారని రంగుల విధాలను కూడి (64, 2, 4, 8, 4, 2) ఆరుతో భాగించడమే దీనికి పద్ధతి. తిరగేయడాన్ని కూడా ఒప్పుకుంటే 13. పోయిన ఆ ఒక్కటి ఏదని వెదికితే, ఒకటి, రెండు, నాలుగు రేకులు ఎర్రగా ఉన్న పువ్వూ, ఒకటి, మూడు, నాలుగు రేకులు ఎర్రగా ఉన్న పువ్వూ ఒకదానికొకటి అద్దపు బొమ్మలని తేలింది. వాటిని గోడ మీద ఎదురెదురుగా పెట్టాము.

ముగ్గులను గణితంగా చదివినవారిలో మన పొరుగున మద్రాసు క్రైస్తవ కళాశాలలో పనిచేసిన గిఫ్ట్ సిరోమణి పేరునూ, 1941లో అనంతపురంలో జన్మించి లీ సమూహాల్లోని (భ్రమణాల్లాగా తెగకుండా మారే కదలికల సమూహాల్లోని) వివిక్త, అంటే విడివిడిగా ఉండే, ఉపసమూహాల మీద ప్రపంచ ప్రసిద్ధి పొందిన ఎం.ఎస్. రఘునాథన్ పేరునూ ఒక అట్ట మీద రాయించాను. సిరోమణి బృందం 1970లలో ముగ్గు గీతలను వ్యాకరణ సూత్రాలుగా రాసింది. తలాన్ని నింపే చుక్కల అమరిక కూడా ఒక వివిక్త ఉపసమూహమే, తలంలోని జరుపుళ్లన్నింటిలోనూ చుక్కను చుక్క మీదికి తెచ్చేవి మాత్రమే అందులో ఉంటాయి.

మిగిలి ఉన్నది తలమంతా పరుచుకునే నమూనాల పట్టిక. ఇవి 17 రకాలే అని 1891లో రష్యాకు చెందిన ఫ్యోదరోవ్ నిరూపించాడు. అదే ఏట త్రిమితీయ స్ఫటికాలకు 230 రకాలని అతడూ, షోన్‌ఫ్లైస్ విడివిడిగా తేల్చారు. 1924లో పోల్యా ఆ 17 రకాలనూ స్వతంత్రంగా చేరి, ఒక్కొక్కదానికి ఒక బొమ్మ గీసి ప్రచురించాడు. మా గోడ మీద 17 గళ్లు గీసి, చీర బుటాల నుంచీ, నేల మీద నిరంతరంగా సాగే సందుచుక్క ముగ్గుల నుంచీ దొరికినవాటిని అంటిస్తున్నాము.

ప్రస్తుతం సందుచుక్క గళ్ల దగ్గర పని ఆగి ఉంది. 120 డిగ్రీల భ్రమణం, అద్దాలు రెండూ ఉండి 60 డిగ్రీల భ్రమణం లేని రకాలు రెండు ఉన్నాయి, వాటిని కంటితో విడదీయడం కష్టం. పరీక్ష ఇది: భ్రమణ కేంద్రాలన్నింటికీ షీటు మీద చుక్కలు పెట్టి, అద్దపు గీతలన్నీ గీసి, ప్రతి కేంద్రం మీదుగానూ ఏదో ఒక అద్దపు గీత పోతే మొదటి రకం, అద్దం తాకని కేంద్రం ఒక్కటైనా ఉంటే రెండో రకం. ఇంకా తేలని రెండు ముగ్గుల షీట్లను ఇద్దరు విద్యార్థినులకు అప్పగించాను. వాళ్లు కేంద్రాలను ఎర్ర మార్కరుతో, అద్దాలను నల్ల మార్కరుతో గుర్తించి తెచ్చిన తరువాత ఆ గళ్లు నింపుతాము.